భూమిని చుట్టొచ్చిన ఆవలింత

టీ మాస్టరు పొద్దున్నే బావమరిదికి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "సాయంత్రం కోల్డ్ స్టోరేజీ ఓనరుగారు మన కొట్టుకి వస్తారు. రాత్రి కాపలాకి మనిషి కావాలట. డ్యూటీలో నిద్రపోతున్నారని ఈమధ్యే ఇద్దర్ని తీసేశారు. ఆయన అడిగితే 'నాకు డ్యూటీలో నిద్ర రాదు సార్' అని ఒక్క ముక్క చెప్పు బావా. ఆ తర్వాత నోటికి తాళం వేసుకో."

"ఒక్క ముక్కేనా?" అన్నాడు బావమరిది చిన్నబుచ్చుకుని.

"ఒక్కటే."

నిజానికి ఈ ఉద్యోగం బావమరిది కంటే టీ మాస్టరుకే ఎక్కువ అవసరం. కాపలా కాసే దూది గోదాము మూతపడ్డాక అతను వచ్చి చెల్లెలింట్లో తిష్ట వేశాడు. ముందుగదిలో మంచం అతనిది, ఫ్యాను అతనిది. టీ మాస్టరు కూతురు పరీక్షల పుస్తకాలు పట్టుకుని వంటింట్లో గిన్నెల మధ్య చదువుకుంటోంది. మనిషి మంచివాడే. మేనకోడలికి జ్వరం వస్తే తెల్లవార్లూ పక్కన కూర్చున్నవాడే. పైగా రాత్రిళ్లు అతనికి అసలు నిద్రే పట్టదు, ఎలుక కదిలినా లేచి కూర్చుంటాడు. కాపలాకి అంతకంటే ఏం కావాలి? ఉన్న రోగమల్లా ఒకటే, మాటలు కోటలు దాటడం. ఇంటావిడ మాత్రం "మా అన్నయ్యని ఏమీ అనకండి, ఏదో ఒక దారి చూపించండి" అంటుంది. అనకుండా చూపించే దారి ఏదో టీ మాస్టరుకి ఇన్నాళ్లకి దొరికింది.

ఓనరు నాలుగింటికి వచ్చాడు. బెంచీ మీద అప్పటికే పక్క షాపు టైలరు మెళ్లో టేపు వేసుకుని టీ తాగుతున్నాడు. ఓనరు అతని పక్కన కూర్చుని, చక్కెర లేని టీ చెప్పి, బావమరిదిని కిందనుంచి పైదాకా చూశాడు.

"రాత్రి కాపలా అంటే తెలుసుగా?"

"నాకు డ్యూటీలో నిద్ర రాదు సార్," అన్నాడు బావమరిది అప్పజెప్పినట్టు.

టీ మాస్టరు గుండె నిమ్మళించింది. పాలు పొంగకుండా స్టవ్ మంట తగ్గించాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

"నిద్ర మాట అటుంచండి సార్, నా సర్వీసు మొత్తం మీద ఆవలించింది కూడా ఒక్కసారే. కానీ ఆ ఒక్క ఆవలింత ఏం చేసిందో తెలుసా?"

టీ మాస్టరు చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషని ఓనరుకి బజారంతా పేరు. అలాంటాయన ముందు ఈ మహానుభావుడు ఏకంగా ఆవలింత కథే ఎత్తుకున్నాడు.

"ఏం చేసిందేంటి?" అన్నాడు టైలరు. మండే పొయ్యిలో ఇంకో పుల్ల ఎగదోయడం అతనికి సరదా.

"చెబుతా. ముందు నాకొకటి చెప్పు. పక్కవాడు తుమ్మితే అది చూసి మనం తుమ్మం, ఎక్కిళ్లు వస్తే మనకి రావు, మరి ఆవలింతే ఎందుకు అంటుకుంటుంది? పెద్దపెద్ద సైంటిస్టులే ఇప్పటికీ గట్టిగా తేల్చలేదు. ఎలా తేలుస్తారు? దాని గురించి చదవడం మొదలెట్టగానే ఆవలింత వస్తుంది, పుస్తకం మూసేస్తారు! సరే, అప్పుడు నేను దూది గోదాము గేటు దగ్గర. తెల్లారింది, డ్యూటీ అయిపోయింది. అయిపోయాకే సార్, గమనించండి, అయిపోయాకే ఒక ఆవలింత వచ్చింది. అలాంటిలాంటిది కాదు, కాలి బొటనవేళ్ల దగ్గర బయల్దేరి, మోకాళ్ల దగ్గర కాసేపు ఆగి, పైకొచ్చింది. దవడ టక్కుమంది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఆఖర్న 'హా...యిహ్' అని చిన్న మెలిక. ఆ మెలిక గుర్తుపెట్టుకోండి, దాంతో పనుంది. ఎదురుగా తూర్పుకి పోయే బస్సు ఆగి ఉంది. డ్రైవరు నన్ను చూశాడు, ఆవలించాడు. డ్రైవర్ని అద్దంలో చూసి కండక్టరు ఆవలించాడు..."

"అద్దంలోంచి కూడా అంటుకుంటుందా?"

"అంటుకోదూ? కాకపోతే ఎడంచేతి వాటంగా అంటుకుంటుంది. కండక్టర్ని చూసి బస్సంతా, బస్సుని చూసి రైల్వే స్టేషనంతా. ఆ ఊళ్లో పళ్లడాక్టరుకి ఆ పూట 'నోరు తెరవండి' అనే పనే లేకపోయింది. రైలెక్కి రేవుకి చేరింది, రేవులో ఓడెక్కింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"సముద్రంలో పడి చచ్చుంటుంది," అన్నాడు టైలరు.

"అక్కడే పొరబడ్డావు! ఓడ మీద కెప్టెను ఆవలించాడు, నీళ్లలోంచి తిమింగలం చూసింది. అదీ నోరు తెరిచింది. తెరిచిన నోట్లోకి ఓడకి ఓడే వెళ్లిపోయింది! లోపలంతా చీకటి. పాపం కెప్టెనుకి చీకటి చూస్తే ఇంకో ఆవలింత వచ్చింది. అంతే, తిమింగలం మళ్లీ ఆవలించింది, ఓడ బయటికొచ్చేసింది."

"ఆగాగు. కడుపులో ఉన్నవాడు ఆవలిస్తే తిమింగలానికెలా కనిపించింది?"

"కనిపించాలా? నీ కడుపులో ఒకడు కూర్చుని గాలంతా లాగేసుకుంటే నీకు తెలియదూ?"

టైలరు తన పొట్ట తడుముకున్నాడు, ఒప్పుకున్నాడు, ఒప్పుకుంటూ ఆవలించాడు. టీ మాస్టరు బిస్కెట్లు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి "సార్, జీతం సంగతి..." అని అడ్డం పడబోయాడు. ఓనరు చెయ్యెత్తి ఆపాడు. "ఉండవయ్యా. కానివ్వు, ఓడ ఎక్కడికి చేరింది?"

అడగడమే ఆలస్యం, బావమరిది బెంచీ అంచుకి జరిగాడు.

"అవతలి ఒడ్డున రెండు దేశాల సైన్యాలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి సార్. ఇక పేల్చడమే తరువాయి. ఇవతలి సేనాపతి 'కాల్చండి' అని అరవడానికి నోరు తెరిచాడు, మాట బదులు నా ఆవలింత వచ్చింది. అవతలి సేనాపతి చూశాడు, అంతే! ఎక్కడివాళ్లక్కడ తుపాకులు తలకింద పెట్టుకుని పడుకున్నారు. లేచేసరికి అసలు యుద్ధం దేనికో ఒక్కడికీ గుర్తులేదు. ఒకళ్లనొకళ్లు నిద్రలేపుకుని ఇళ్లకి పోయారు."

"చరిత్ర పుస్తకాల్లో ఎక్కడా చదవలేదే?" అన్నాడు ఓనరు.

"ఎలా ఉంటుంది సార్? రాసుకోవాల్సినవాడు కూడా పడుకున్నాడుగా! సరే, వారం తిరక్కముందే నేను మళ్లీ అదే గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఆవలింత పోయింది తూర్పుకి, గుర్తుందిగా? పడమటి వీధి చివర పాలవాడు ఆవలించాడు. వాణ్ణి చూసి పేపరువాడు. పేపరువాణ్ణి చూసి కుక్క. మన ఆవలింత కుక్కలకీ అంటుకుంటుంది సార్, కావాలంటే ఇంటికెళ్లి పరీక్ష చేసుకోండి. ఆ కుక్క ఆఖర్న 'హా...యిహ్' అని మెలిక తిప్పింది! నా ఆవలింతే! తూర్పున పోయింది పడమట తేలింది. అంటే ఏంటి? భూమి గుండ్రంగా ఉందనేగా! ఓడలూ లేవు, దుర్భిణులూ లేవు, కూర్చున్నచోట నోరు తెరిచి నిరూపించాను."

"నువ్వు మళ్లీ ఆవలించావా?" అన్నాడు టైలరు.

"అమ్మో! దవడ బిగబట్టి, ముక్కు మూసుకుని, గుటుక్కున మింగేశాను. నేను గనక వదిలి ఉంటే రెండో చుట్టు మొదలయ్యేది, లోకం ఈపాటికి గుర్రుపెడుతూ ఉండేది."

అప్పటికి టైలరు మూడోసారి ఆవలిస్తున్నాడు. టీ మాస్టరుకీ ఆగలేదు. ఓనరు కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లు తుడుచుకుని, చిన్నగా నవ్వాడు. "మనిషి హుషారైనవాడే," అన్నాడు.

టీ మాస్టరుకి ప్రాణం లేచొచ్చింది. గట్టెక్కాం అనుకున్నాడు. ముందుగదిలో మంచం తీసి కూతురికి బల్ల వేసినట్టే అనిపించింది.

ఓనరు టీ ఒక గుక్క తాగి, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు: "నేను తీసేసిన ఇద్దర్లో ఒకడుండేవాడు. కుర్చీలో కూర్చుని, కళ్లు తెరుచుకునే, తెల్లారేదాకా నిద్రపోయేవాడు. నిద్రలో అంతటి మొనగాణ్ణి నేనెక్కడా చూడలేదు. ఇక చూడబోను కూడా."

అది గాలమని టీ మాస్టరుకి తెలిసిపోయింది. "బావా, పాలు పొంగుతున్నాయి, చూడు!" అని అరిచాడు. పాలు అడుగంటి ఉన్నాయి. బావమరిది అటు చూడనైనా లేదు.

"కుర్చీలోనా? కూర్చుని ఎవడైనా పడుకుంటాడు సార్! నేను నిలబడి, గేటుకి తాళం వేస్తూ వేస్తూ నిద్రపోయాను. దొంగలొచ్చారు. నా చేతిలోంచి తాళంచెవి తీసుకున్నారు, గోదాములో దూదంతా లారీలకెత్తారు, పోతూ పోతూ చెవి మళ్లీ నా చేతిలో పెట్టి, చలేస్తుందని దుప్పటి కప్పి వెళ్లారు. నాకు తెలిస్తేగా! ఆఖరికి గేటు కూడా ఊడబీక్కుపోయారు. తెల్లారి జనం వచ్చి చూసేసరికి అలాగే నిలబడి ఉన్నాను, గాలికి తాళం వేస్తూ!" చుట్టూ గర్వంగా చూశాడు. "ఏం, మీవాడు చెయ్యగలడా ఆ పని?"

"చెయ్యలేడు," అని ఒప్పుకుని ఓనరు లేచాడు.

టీ మాస్టరు కొట్టు వదిలి ఆయన వెంటపడ్డాడు. "సార్, అదంతా అబద్ధం సార్! గోదాములో ఒక్క పోగు పోలేదు, మూసేశారు కాబట్టి ఉద్యోగం పోయింది. ఈయనకి రాత్రిళ్లు నిద్రే పట్టదు సార్, మా ఇంట్లో ఎవర్నైనా అడగండి."

"అబద్ధమా?" ఓనరు ఆగాడు. "మరి రాగానే 'నాకు డ్యూటీలో నిద్ర రాదు' అన్నాడే, అది నిజంలో కలపమంటావా, అబద్ధంలో కలపమంటావా? మీ బావా బావమరుదులు కూర్చుని తేల్చుకోండి. తేలేదాకా నా గోదాము తాళాలు నా దగ్గరే ఉంటాయి."

ఆయన వెళ్లిపోయాడు. టైలరు నవ్వాపుకోలేక గ్లాసు అక్కడే పెట్టి షాపులోకి పరిగెత్తాడు.

"ఆ మొదటి ముక్క నిజమే బావా," అన్నాడు బావమరిది మెల్లిగా.

"నాకు తెలుసు బావా," అన్నాడు టీ మాస్టరు. తిట్టాలని చాలా ఉంది. ఆ మొహం చూస్తే నోరు రాలేదు.

పొద్దుగూకాక కొట్టు కట్టేసి, అతను ఎలక్ట్రిక్ షాపు దగ్గర ఆగి, వంటింట్లోకి ఇంకాస్త వెలుతురిచ్చే బల్బు ఒకటి కొన్నాడు.