నిదానం మేడం రెండో రిపోర్టు

ఏంటమ్మా, లాప్‌టాప్ ముందు అంత దిగాలుగా కూర్చున్నావు? నెట్‌వర్క్‌లో పోయే రాకపోకల్లో అడిగినవి కనిపిస్తున్నాయి, జవాబులు కనిపించట్లేదా? అయితే తొందరపడి సర్వర్ వాళ్లనేమీ అనకు. నేను ఆసుపత్రిలో సర్వర్లు చూసేవాణ్ణి కదా, అక్కడ నెట్‌వర్క్ చూసే ఒకావిడ ఉండేది. మీ నాన్నకీ తెలుసు. పేరుతో ఎవరూ పిలిచేవాళ్లు కాదు, నిదానం మేడం అనేవాళ్లం. మేం మూడో అంతస్తుకెళ్లి పని చూసుకుని దిగొస్తుంటే ఆవిడ ఇంకా రెండో అంతస్తు మెట్ల మీదే ఎదురయ్యేది. సరే, అదలా ఉంచు. డాక్టర్లు పరీక్షల రిపోర్టులు వెబ్‌లో చూసుకోవడం అప్పుడే కొత్తగా పెట్టారు. ఓ వారం ఏమైందంటే, చిన్న రిపోర్టులు వస్తున్నాయి, పెద్దవి తెరిస్తే తెర తెల్లగా ఉండిపోతోంది. అవతల ఆపరేషన్లు ఆగిపోతున్నాయాయె. మేడం వచ్చి, తీగలో పోయే రాకపోకలన్నీ పట్టి దాచే పెట్టె ఒకటి తగిలించింది. రెండు రోజులు చూసి రాసిచ్చింది, డాక్టర్లు పెద్ద రిపోర్టులు అడుగుతున్నారు, సర్వర్ పలకడం లేదు అని. సర్వర్ అంటే ఎవరు, నేనేగా! సూపరింటెండెంటు పిలిచి, విచారణ అయ్యేదాకా రావద్దన్నాడు. మీ పిన్నికి అప్పుడు నిండు నెలలు. ఇంట్లో చెప్పడానికి నోరు రాక, పొద్దున్నే ఆఫీసుకని బయల్దేరి పార్కులో కూర్చునేవాణ్ణి.

ఆవిడకేమో మనసొప్పలేదట. పట్టినదంతా మళ్లీ మొదట్నుంచి వరుస వరుసా చదివింది. నీకు తెలిసిందే కదా, ఏది పంపినా ముక్కలు ముక్కలుగా పోతుంది, ముక్క అందగానే అందుకున్నవాడు ‘ఇక్కడిదాకా అందింది’ అంటాడు. ఆ పెట్టె పట్టినదాంట్లో సర్వర్ జవాబు ఒక్కటీ లేదు, డాక్టర్ల కంప్యూటర్లు మాత్రం చిన్న రిపోర్టులకి అందింది, అందింది అంటున్నాయి. పంపకుండా ఎలా అందుతుందీ అని లేచి, తీగ పట్టుకుని గది గదీ తిరిగింది. చూస్తే జవాబులు ఇంకో తీగలో తిరిగి పోతున్నాయి! ఆ దారిలో పాత పరికరం ఒకటుంది. దానికి అటూ ఇటూ ఆ పెట్టె తగిలించి చూస్తే, చిన్న ముక్కలు దాటుతున్నాయి, పెద్దవాటిని అది మింగేస్తోంది. దాన్ని మార్చిన గంటలో తెరలన్నీ నిండాయి.

పరికరం పాడైందని చెప్పి ఊరుకోవచ్చు కదా, ఎవరడుగుతారు? ఊహూఁ. అందర్నీ కూర్చోబెట్టి, రెండో రిపోర్టు చేత్తో పట్టుకుని చదివిందట. “నేను చూసింది సగం. ఆ సగంతో ఒక మనిషిని బయట కూర్చోబెట్టాను. నా మొదటి రిపోర్టు చింపకండి. దాని మీద తప్పు అని రాసి సంతకం పెడతాను.” సూపరింటెండెంటు నసిగాడట, పోనీలెండి మేడం, అయిపోయిందిగా అని. “మీకు అయిపోయింది. ఆయనకి కాలేదు” అందట.

పార్కులో ఉంటానని ఎవరు చెప్పారో మరి, ఆ సాయంత్రం నడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా నిలబడింది. నాకన్నా పదేళ్లు పెద్దది. “తప్పు నాదండీ. రేపు పనిలోకి రండి” అంది. అంతే. అంత మాట పైవాళ్లెవరూ నాతో అనలేదమ్మా, అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. ఆవిడ పోయి పద్దెనిమిదేళ్లయింది. నేనేమన్నానా?

ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా, చలేస్తోంది.