చిన్నాయన మా ఇంటికొచ్చే ముందు

"అత్తా, సోమవారం నీకు మోకాళ్ళ ఆపరేషన్. నెలరోజులు చిన్నాయన మా ఇంట్లో ఉంటాడు గదా. ఆయనతో ఎట్టా మసలుకోవాలో మొత్తం చెప్పు. ఫోన్లో రికార్డు చేసుకుంటా."

ఆన్ చేసినావా? సరే. విను మే సుజాతా. ముందే చెప్తుండా, మొన్న అలవాటుకని వాణ్ణి కోవూరుకి తీసకపొయ్యి రెండు రోజులు నీ ఇంట్లో పెట్టుకున్నావే, అక్కడ ఎట్టున్నాడో ఇప్పుడే చెప్పబాక. నేనే అడుగుతా. వాడు ఉండనని మొండికేసుంటే ఈ ఆపరేషన్ మళ్ళీ ఆగిపోద్ది. మూడేళ్ళ నించి ఇట్నే ఆపుకుంటా వస్తుండా. కాసేపు నన్ను కుదుటపడనీ.

మీ చిన్నాయనకి యాభై ఎనిమిది. ఎనిమిదా, తొమ్మిదా... నేను పుట్టిన పన్నెండేళ్ళకి పుట్టినాడు, నువ్వే లెక్కేసుకో. అంత పెద్దమనిషిని పట్టుకోని 'బంగారూ, బువ్వ తిన్నావా' అనబాక. మీ అమ్మ అట్నే అనేది. వాడు పళ్ళెం తీసుకోని పెరట్లోకి పొయ్యేవాడు.

అన్నం ఒకపక్క, పప్పు ఒకపక్క. రెండూ తగలకూడదు. మిక్సీ వేసేముందు 'మిక్సీ వేస్తుండా' అని చెప్పు. చెవులు మూసుకోని నిలబడతాడు, ఆపినాక చేతులు తీసేస్తాడు. చెప్పకుండా వేసినావంటే ఆ పూట తిండి లేదు. కొత్త చొక్కా ఉన్నపళాన తొడగబాక. మూడుసార్లు ఉతికి, మెడకాడ కంపెనీ పేరుండే గుడ్డముక్క కత్తిరించెయ్యి. గుచ్చుకుంటది వాడికి. నిజానికి నాకూ గుచ్చుకుంటది, ఇన్నేళ్ళూ నేను చెప్పుకోలా, అంతే.

'ఇప్పుడే వస్తా' అని మాత్రం అనబాక. ఎన్నింటికొస్తావో చెప్పు. మీ మామ ఒకసారి 'ఐదు నిమిషాల్లో వస్తా' అని టీ తాగను పొయ్యి గంటన్నరకొచ్చినాడు. వీడు ఎండలో గేటు పట్టుకోని అట్నే నిలబడున్నాడు. ఆ తర్వాత మీ మామ నాకు చెప్పకుండా పోయినాడేమో గానీ, వీడికి టైము చెప్పకుండా యాడికీ పోలా. మొగుడు ఎన్నింటికొస్తాడో తమ్ముణ్ణి అడిగి తెలుసుకునేదాన్ని నేను.

చిన్నప్పుడా? చెవుడన్నారు. పిలిస్తే పలకడు గదా. మా నాయనేమో నెల్లూరు డాక్టరు కాడికి, మా అమ్మేమో తాయెత్తు కట్టేవాళ్ళ కాడికి. నెల్లూరికి బస్సు ముప్పావలా అప్పుడు. ముప్పావలానా, రూపాయా... ఏదోలే. చెవుడు యాడుంది? మూడు వీధులవతల బియ్యం మిల్లు మొదలైతే ఇంట్లో చెవులు మూసుకునేవాడు. ఆటిజం అనే మాట మేం వినేసరికి వాడికి నలభై దాటినాయి. జ్వరానికని తీసకపోతే ఒక చిన్నవయసు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి అన్నీ అడిగింది. 'పుట్టుకతోనే ఇట్టా ఉంటారమ్మా, జీవితాంతం ఇట్నే ఉంటారు, ఇది తగ్గిపొయ్యే జబ్బు కాదు' అనింది. 'ఆ సంగతి నలభై ఏళ్ళ నించి నాకు తెలుసు తల్లీ, ఏం చెయ్యాలో చెప్పు' అన్నా. నవ్వేసింది. 'ఇప్పుడు చేస్తుండేదే చెయ్యండి' అనింది. ఫీజు మాత్రం తీసుకునిందిలే.

ఏం చెప్తుండా... ఆ, పని. వాడికి పని ఉండాల. లేకుంటే గదిలో అటూ ఇటూ తిరగతానే ఉంటాడు. ఈ సంగతి మాకు తెలిసింది మీ నాయన చేసిన తప్పువల్లే. నవ్వబాక, విను. ఆ ఏడు కాలవలో నీళ్ళు తక్కువ. ఎవరి వంతు ఎన్ని గంటలో కాలవ చూసే సర్కారు మనిషి, లస్కరు, చెప్పేస్తాడు. ఆ గంటలు కాంగానే మన చేనుకి నీళ్ళొచ్చే మడవ మూసేసి పక్క చేనోళ్ళకి వదలాల. ఎవురు మూస్తారు? పావుగంట ఎక్కువ లాగనోడు లేడు. మన నీళ్ళు ఎవురూ మళ్ళించకుండా వీణ్ణి కాపలా పెట్టినాడు మీ నాయన. ఇరవై ఏళ్ళుంటాయి అప్పుడు వీడికి. చేతికి తన వాచీ కట్టి, 'పదిదాకా మనది, పది కాంగానే మూసెయ్యాల' అని చెప్పి టిఫినుకొచ్చేసినాడు. పైకి అట్టా చెప్పినాడు గానీ, ఇంటోడే గదా, మనకి కాస్త ఎక్కువే పారిస్తాడులే అని ఆయన లెక్క.

పదయ్యింది. వీడు పార తీసుకోని మట్టేసి మూసేసినాడు. మన కింది మడి ఇంకా నెర్రెలిచ్చి ఉంది. మీ నాయన పరిగెత్తుకుంటా పొయ్యి 'ఒరే, ఇంకొంచెం తెరవరా, మన చేనేరా!' అంటే, వీడు వాచీ చూపించి 'పది' అన్నాడు. ఇంకో మాట లేదు. పార గుంజుకోబోతే పార మీద కూర్చున్నాడు. పక్క చేను సుబ్బరామయ్య ఉండాడే, వీణ్ణి పిచ్చోడు పిచ్చోడు అని పిలిచేవాడు, ఆయన నవ్వి నవ్వి గట్టు మీంచి జారి కాలవలో పడ్డాడు.

మర్నాడు ఆయనే మన వాకిట్లోకొచ్చినాడు. 'రమణమ్మక్కా, మీ తమ్ముణ్ణి మా మడవ కాడ కూడా కూర్చోబెట్టండక్కా' అన్నాడు. 'ఎవుర్ని? ఆ పిచ్చోణ్ణా?' అన్నా. తల దించుకోని 'పెంచలయ్యని' అన్నాడు. ఆ ఏటి నించి మన కాలవ కింద వంతులన్నీ వాడే చూస్తుండాడు. లస్కర్లు మారినారు, వీడు మారలా. కోతలైనాక ఒక్కొక్కరూ వాడికని ఇంత వడ్లు పోసి పోతారు. ఊరికే కాదు, కష్టానికే.

అందుకని నువ్వేం పనిస్తావో చూసుకో. మీ అపార్టుమెంటు మీద ట్యాంకు నిండి పొర్లిపోతుంది అంటావే, ఆ మోటరు వాడికప్పగించు. మీ వాచ్‌మన్ సుఖపడతాడు.

ఇంకేముంది... అంతే అనుకుంటా. సరే, ఇప్పుడు చెప్పు. దాచబాక. ఆ రెండు రోజులూ అక్క యాడుంది అని ఎన్నిసార్లడిగినాడు?

"అడగలేదత్తా. బాగా తిన్నాడు, తొమ్మిదికి పడుకున్నాడు."

ఒక్కసారి కూడానా?

"లేదత్తా."

అబ్బో! చూసినావా వీణ్ణి! నేను లేకుంటే మా పెంచలయ్యకి ముద్ద దిగదని ఊరంతా చెప్పుకోని, మూడేళ్ళు కుంటుకుంటా తిరిగినానే! ఆ ఆపరేషన్ డాక్టరుకి కూడా చెప్పినా. ఇప్పుడాయన మొహం ఎట్టా చూసేది? నేనేమో ఆ రెండు రోజులూ ఇక్కడ రెండు గ్లాసుల టీ పెట్టి, ఒకటి పారబోసుకుంటా ఉన్నా.

ఏడవడంలా మే, నవ్వొస్తుంది. మంచిదే. మంచిదే గదా. రేపు నేను లేచి నడిచినా, నడవకపోయినా వాడు తింటాడు, తొమ్మిదికి పడుకుంటాడు. ఇంతకంటే నాకేం కావాల? నువ్వు చల్లంగుండాల తల్లీ, నీ బిడ్డలు చల్లంగుండాల.

ఒక్కటి మాత్రం చెయ్యి. ఆపరేషన్ అయినాక నాకు ఫోన్ చేసి, చిన్నాయన నిన్నడిగినాడత్తా అని చెప్పు. అడక్కపోయినా సరే, అడిగినాడనే చెప్పు. వాడి పక్కన నిలబడి మాత్రం చెప్పబాక, 'లేదు' అనేస్తాడు...