ఓడలాపిన తాత మనవడు

చికున్‌గున్యా జ్వరం ఉరవకొండను కుంటించిన సంవత్సరం అది. నిలవ నీళ్ళలో దోమలు పుడతాయి, తొట్లు వంచేయండని ఆరోగ్య కార్యకర్త అంజనమ్మ ఇల్లిల్లూ తిరుగుతాండె. కుళ్ళాయప్ప మాత్రం వంచనంటే వంచనని సుంకన్న టీ అంగట్లో ఆమె ఎదుటనే మొండికేసినాడు. వారానికొకసారి కొళాయి వచ్చే ఊళ్ళో నిండు తొట్టి పారబోయాలంటే ఎవరికైనా కడుపు మండుతుంది మరి. ఇంట్లో భార్య లక్ష్మీదేవమ్మ అదే జ్వరంతో కీళ్ళు పట్టి మంచం మీదుండాదన్న మాట మాత్రం అతను ఎత్తలేదు.

"సముద్రం చూడని సీమోడని నాకు జబ్బుల సంగతి చెప్పొచ్చినావా, అంజనమ్మా? ఆరువందల ఏండ్ల కిందట మా తాతల తాత ఎర్రప్ప పడమటి రేవులో మూటలు మోసినాడు. మిరియాల ఓడలు, పట్టు ఓడలు వచ్చేవి. సరుకు కింద ఎలుకలు, ఎలుకల బొచ్చులో కుట్టే పురుగులు. అవి గట్టు దిగినాయంటే ఊరు ఖాళీ! అట్ల ఓడలెక్కి ప్లేగు రేవు రేవుకూ పోయింది."

"అది నిజమేనప్పా, నేనూ చదివినా."

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా? మా తాత వాసన పట్టి, జబ్బు ఓడను గట్టుకు రానీకుండా దూరంగా నిలబెట్టినాడు."

"ఒక్క ఓడనేనా అన్నా?" సుంకన్న టీ వడగడతా అడిగినాడు.

"ఒకటా? వంద! బావి నీళ్ళు తోడే కపిల తాడు విసిరి వంద తెరచాపలూ ఒక్కటిగా కట్టి ఈడ్చినాడు. ఆ ఊపుకు సముద్రమే రెండామడలు వెనక్కి జరిగె! ఎలుకలన్నీ వరసగా నిలబడి, 'తప్పయింది దొరా' అని దండం పెట్టి నీళ్ళల్లోకి దూకె! రాజు వచ్చి ఏం కావాలంటే, మా అనంతపురానికి వాన ఇయ్యమన్నాడు మా తాత."

"ఇచ్చినాడా మరి?"

"ఇయ్యకేం! దారిలో బళ్ళారోళ్ళు దించేసుకున్నారు. అట్లాంటి వంశం మాది. నా తొట్టి ఎవరు వంచుతారో చూస్తా!"

అంగడంతా నవ్వుతాండగా, గోడ పట్టుకొని, కర్ర ఊతంగా లక్ష్మీదేవమ్మ వచ్చి నిలబడింది. కుళ్ళాయప్ప గబుక్కున లేచినాడు.

"మంచం దిగి ఎందుకొచ్చినావే?"

"మీ తాత గొప్ప విందామని. జబ్బుందంటే సరుకు పోతాదని జబ్బు దాచిపెట్టి ఓడలు రేవుకు తెచ్చినోళ్ళు ఒకరు. ఆపినోడు మీ తాత. నీళ్ళు పోతాయని తొట్టి వంచకుండా ఇంట్లో జబ్బు పెంచుతాండావు నువ్వు. నీది ఓడలోళ్ళ వంశమా, తాత వంశమా?"

సుంకన్న బల్ల జరిపి ఆమె ముందు పెట్టినాడు.

"చెప్పు. చెప్పేదాకా ఈడనే నిలబడతా. కూచుందామన్నా మోకాళ్ళు వంగవు."