ఎదురొచ్చేవాళ్లకి రెండు వేళ్లు

తెరువేల్ అనే ఊళ్లో ఒక వంటింటి బల్ల మీద మ్యాపు పరుచుకుని, తండ్రీ కూతురూ మోటార్‌సైకిల్ మీద సముద్రానికి వెళ్లే దారి వెతుకుతున్నారు.

“మోటార్‌వే ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి సముద్రపొడ్డున వలెన్సియాలో ఉంటాం నాన్నా.”

“వద్దమ్మా. మోరా కొండల్లోంచి పోదాం.”

“అన్ని మలుపులా? వెనక కూర్చుని నీ నడుం విరుగుతుంది.”

“విరిగితే విరగనీ. మోటార్‌వేలో ఎదురొచ్చే బండివాళ్లు ఎక్కడో అవతల పోతారు. చిన్న రోడ్డయితే ఎదురొచ్చే ప్రతి మోటార్‌సైకిల్‌వాడూ రెండు వేళ్లు చూపించి పలకరిస్తాడు.”

“మలుపుల్లో నేను హ్యాండిల్ వదిలి జవాబు చెప్పలేను.”

“నువ్వు వదలకు. పలకరింపులు నా పని.”

“నీ చెయ్యి వణుకుతోందనేగా నాన్నా, డాక్టరు నిన్ను బండి నడపొద్దంది.”

“వణుకని వాళ్లకేం తెలుసే? సంబరంగా ఊపుతున్నాననుకుంటారు.”