మిగులు తూటాలు

రెండు తెగల సరిహద్దు ఊరు నాకొరెట్‌లో సంతరోజు. పోలీసు క్వార్టర్ల చివర, కానిస్టేబుల్ మకోఖా వంటపాకలో అరూపే ఒక్కతే కూచుని ఉంది. ఇంతలో మకోఖా తలుపు తీసి, చంకలో బిడ్డతో ఉన్న ఇంకో ఆడమనిషిని లోపలికి తోసి, మళ్ళీ బయట గడియ పెట్టేశాడు.

"అటు జరిగి కూచో చెల్లీ. కిటికీలోంచి కనబడతావు."

"ఏమైందక్కా? ఎందుకలా తోశాడు?"

"జిల్లానించి పెద్దాఫీసరు వచ్చాడట. జీపు చప్పుడు వినలేదూ? ఆయన వెళ్ళేదాకా కిక్కురుమనొద్దన్నాడు. పేరేంటి నీది?"

"చెల్లీ అన్నావుగా. అదే బావుంది."

"సరే. ఏం పనిమీద వచ్చావు?"

"పిల్లాడికి దగ్గు. మందుకోసం."

"దగ్గుమందుకి పోలీసాయన దగ్గరికా?"

"నువ్వెందుకొచ్చావు మరి?"

"నేనా? బొగ్గులు అమ్ముదామని."

"బస్తా ఏదీ?"

"అమ్మేశాను."

"అమ్మేస్తే ఇంకా ఇక్కడెందుకున్నావు?"

"నెమ్మదిగా మాట్లాడు. బూట్ల చప్పుడు. ఇటే వస్తున్నారు. అయ్యో, వాడు ఏడుస్తున్నాడు, ఊరుకోబెట్టు. రొమ్మివ్వు, ఏదో ఒకటి చెయ్యి."

"ఊరుకో నాన్నా, ఊరుకో, అమ్మ ఇక్కడే ఉందిగా, ఊరుకో..."

"ష్. గోడ అవతలే ఉన్నారు."

"వెళ్ళిపోయారక్కా. గోడ పక్కనించి వెళ్ళిపోయారు. అక్కా? ఏంటలా చూస్తున్నావు?"

"ఇందాకటిదాకా సంతలో అందరూ మాట్లాడే స్వాహిలీలో మాట్లాడావు. వాడితో మాత్రం పొకోట్ తెగ భాషలో మాట్లాడావు."

"లేదు."

"లేదంటావేంటి? మీ భాష నాకు తెలుసు. చిన్నప్పుడు మా అమ్మ మీ కొండల్లోకి పాలు తెచ్చి జొన్నలకి మార్చుకునేది. నేనూ వెంట వచ్చేదాన్ని."

"అంటే నువ్వు తుర్కానా తెగదానివా? మందలకోసం మావాళ్ళతో కొట్టుకునేవాళ్ళేనా?"

"అవును. పేరు అరూపే. ఎందుకలా గోడకి అంటుకుపోతావు? నా చేతిలో ఏముందని?"

"బిడ్డని ఏమీ చెయ్యకు."

"నేనేం చేస్తాను? గడియ బయట పెట్టాడు. నువ్వు అరిస్తే ఇద్దరం జైల్లో పడతాం. నీకంటే నాకే ఎక్కువ భయంగా ఉంది."

"నా పేరు చెపోసెరా."

"మీ తెగ పూసలన్నీ తీసేసి పట్నం గౌను తొడుక్కొచ్చావు కదూ. నేనూ అంతే. నిజం చెప్పు చెపోసెరా, మకోఖా నీకూ అమ్ముతాడా?"

"ఏమిటి?"

"నీకు తెలుసు ఏమిటో."

"మా ఆయనకి తూటాలు అమ్ముతాడు. పోలీసులకి గురి చూసి కాల్చడం నేర్పేటప్పుడు మిగిలిపోయినవట. కాల్చేసినట్టు రాసుకుంటే ఎవరూ అడగరని చెప్పాడట. ఎండాకాలం మొదట్నించీ తీసుకుంటున్నాం."

"మాకూ అదే మాట చెప్పాడు. అదే ఎండాకాలం నించి."

"మీకు కూడానా?"

"పోయినసారి మీవాళ్ళు మందలు తోలుకుపోవడానికి మా నీళ్ళ దగ్గరికి వచ్చారు. మా ఆయన చనిపోయాడు. మర్నాడు ఇసకలో తూటాల ఖాళీ తొడుగులు ఏరితే, మా మరిది లొకేరిస్ వాటిని మా సంచిలోవాటి పక్కన పెట్టి చూశాడు. అడుగున అచ్చు ఒకటే. ఎక్కడో ఒకేచోట తయారై ఉంటాయిలే అనుకున్నాం. ఈ వంటపాకలోంచే వెళ్ళాయని అనుకోలేదు."

"అక్కా, నేను..."

"ఏం చెప్పకు. నువ్వు చంపలేదు. నీ మొగుడు అక్కడున్నాడో లేదో కూడా చెప్పకు, నేను వినలేను."

"మరి ఇవాళ నువ్వు కొనడానికే వచ్చావా?"

"లొకేరిస్ పంపించాడు. ఆడవాళ్ళని సోదా చెయ్యరని. మంద కాపలాకే అంటున్నాడు. కాపలాకైతే కుర్రాళ్ళందరూ కూచుని తుపాకులు తుడవడం దేనికి? మా ఎమురియా కూడా వెళ్తానంటున్నాడు. నా కొడుకు. మీసం కూడా సరిగ్గా రాలేదు వాడికి. వద్దురా అంటే, నాన్న చచ్చిపోతే ఇంట్లో కూచోమంటావా అన్నాడు."

"ఎక్కడికి వెళ్తారు?"

"నీకెలా చెప్తాను?"

"మా వూరికేనా?"

"ఆ మాట అడగకు."

"అక్కా, నేను కొనడానికి రాలేదు. వెనక్కివ్వడానికి వచ్చాను."

"ఏం వెనక్కివ్వడానికి?"

"మా ఆయన మూట. పిల్లాడి కింద గుడ్డలో ఉంది. రేపు మీ మందలమీదికి బయల్దేరదామనుకున్నారు మావాళ్ళు. నేనే రాత్రి వాటిని నీళ్ళకుండ కింద పెట్టి తడిపాను. తడిసిపోయాయి, పేలవేమో, మకోఖా దగ్గర మార్చుకొస్తానని చెప్పి తెచ్చాను. ఇవి ఇచ్చేస్తాను, మకోఖా దగ్గర వేరేవి లేవని ఇంట్లో చెప్పేస్తాను. ఇంట్లో ఒక్క తూటా కూడా లేకుండా వాళ్ళెలా కదుల్తారు?"

"పారెయ్యకపోయావా ఎక్కడైనా?"

"డబ్బు కొంతైనా తిరిగి తీసుకెళ్ళకపోతే నన్ను బతకనిస్తాడా?"

"ష్. గడియ తీస్తున్నాడు."

"లేవండి, లేవండి. ఆఫీసరు భోజనానికి కూచున్నాడు. వెనకదారిన వెళ్ళిపోండి. రేపటినించి ప్రతిదీ లెక్క చూస్తారట, ఇంక నా దగ్గరికి రావొద్దు. ఏయ్, నీదేంటి?"

"తడిసిపోయాయి సార్. తీసుకుని మా డబ్బు..."

"సగం ఇస్తాను. ఇలా తే. తడీ లేదు ఏమీ లేదు, శుభ్రంగా ఉన్నాయి. ఇదిగో, పట్టుకో. నువ్వు, తుర్కానా అమ్మా, డబ్బు తెచ్చావా?"

"తెచ్చాను సార్."

"ఇటివ్వు. నా దగ్గర ఇంకేం లేవు, ఇదొక్కటే మూట. నీ అదృష్టం, ఇదిగో."

"సార్, అవి ఆమెకివ్వకండి. సార్, అవి మావి."

"నీవేంటి? నాకు అమ్మేశావుగా. ఎవరికిస్తే నీకెందుకు? నేను ముందు గేటు దగ్గర కాపలావాణ్ణి మాటల్లో పెడతాను, ఎవరు పిలిచినా పలక్కుండా వెనకనించి పొండి ఇద్దరూ."

"సార్..."

"వెళ్ళిపోయాడు చెపోసెరా. లే. కింద కూచోకు, లే."

"నా చేత్తో నేనే ఇచ్చాను. మావాళ్ళ దగ్గర ఒక్కటి కూడా లేదు ఇప్పుడు. మీవాళ్ళు వస్తే రాళ్ళు విసరాలి మేం. మా అత్తకి కళ్ళు కనబడవు, పరిగెత్తలేదు."

"ఏడవకు. వినబడుతుంది."

"లొకేరిస్‌కి చెప్తావా, మా దగ్గర తూటాల్లేవని? చెప్తే ఇవాళే వచ్చేస్తారు. అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళొదులు. ఎంత బరువుందో చూడు ఇది, పిల్లాడంత బరువుంది. దీన్ని మోసుకెళ్ళి ఎమురియా చేతికివ్వాలి నేను."

"అక్కా."

"సంతలో పెద్దాఫీసరు మనుషులు పట్టుకుని లాగేసుకున్నారని చెప్తే లొకేరిస్ నమ్ముతాడంటావా?"

"ఏమో. కొడతాడేమో."

"కొడితే కొట్టనీ. నువ్వా గుమ్మం దగ్గర నిలబడి ఎవరైనా వస్తున్నారేమో చూడు. ఈ పాక వెనకున్న మరుగుదొడ్డి గొయ్యి బాగా లోతేనా?"