పిల్లికి షుగర్ చూసిన మొనగాడు

పశువైద్యశాలలో బల్ల మీద పిల్లి బుట్ట ఉంది. దాని పక్కనే, బొటనవేలికి పట్టీ వేసుకున్న పెద్దమనిషి డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు.

"నిన్న ఇంట్లో చూస్తే మూడువందల ఎనభయ్యా? అయితే పిల్లికి ఇన్సులిన్ పెంచాల్సిందే."

"పెంచకండి డాక్టరమ్మా! ఆ రక్తం దానిది కాదు."

"మరెవరిది?"

"నాదే. చెవి అంచున గుచ్చబోతే అది తల విదిలించింది. సూది నా వేల్లో దిగింది. పక్కనే మా ఆవిడ నిలబడి 'మీ వల్ల కాదు లెండి' అంటోంది. పరువు పోతుందని నా చుక్కనే స్ట్రిప్‌కి అంటించి, దర్జాగా అంకె చదివాను."

"భలేవారండీ! నేను నమ్మి మోతాదు పెంచితే పిల్లి ప్రాణం పోయేది."

"అందుకేగా, సిగ్గు చంపుకుని చెప్పేశాను."

"సరే. మీకు షుగర్ ఎప్పటినుంచి?"

"నాకెందుకుంటుందండీ? పిల్లికే కదా..."

"ఆ మూడువందల ఎనభై ఎవరిదండీ?"

"అమ్మో!"

"ఇవాళే మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. తీపి మానెయ్యండి."

"మా ఆవిడ నిన్ననే మానిపించిందండీ. ఆ అంకె విని, పిల్లికి నేనే తీపి పెడుతున్నానని నా బిస్కెట్ల డబ్బా దాచేసింది."

"అలాగే దాచి ఉంచమనండి."

"కాస్త మెల్లగా అనండి డాక్టరమ్మా, పిల్లి వింటోంది. అసలే ఇంట్లో అది నన్ను లెక్కచెయ్యదు."