కాల్చని నీలం

పగటిపూట. వీధి మలుపులో చిన్న నగల దుకాణం. అద్దాల బల్లకు ఇవతల ఇద్దరు ముసలివాళ్ళు, అవతల దుకాణం నడిపే ఆవిడ.

"కొనడానికొచ్చిన మనిషివి కొనేవాడిలా కూర్చో బావా. కన్నం వెయ్యడానికొచ్చినట్టు ఆ గుమ్మం వంక చూడకు."

"మీ అక్కకి తెలిసినవాళ్ళెవరైనా వస్తారేమోనని చూస్తున్నాన్రా."

"మా అక్కకి తెలియనివాళ్ళెవరున్నారు ఇక్కడ? కూర్చో."

"అందుకే వేరే కొట్టుకి పోదామన్నాను. దార్లో రెండున్నాయి. రెండూ దాటించి మరీ ఇక్కడికి లాక్కొచ్చావు. ఏం, ఇక్కడి రాళ్ళు పాటలు పాడతాయా?"

"ఇక్కడ ఫ్యాను గాలి బాగుంటుంది."

"ఫ్యాను గాలి కోసం నగల కొట్టుకొచ్చే కుటుంబం మనదొక్కటేరా."

"ఏం చూపించమంటారు బాబాయ్‌గారూ?"

"నీలం అమ్మా. మామూలు నీలం కాదు. ఎండలో పెడితే నీలంగా ఉండాలి, దీపం కింద పెడితే వంగపండు రంగులోకి తిరగాలి. కొలిమిలో పెట్టి రంగెక్కించింది కాకూడదు. మట్టిలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. కొయ్యడం, సానపట్టడం తప్ప ఇంకే వైద్యమూ జరిగి ఉండకూడదు."

"రంగు మారే నీలం, కాల్చనిది. అంతే కదండీ?"

"చూశావురా. రాత్రంతా నేను వల్లెవేసుకున్న పాఠం ఈ అమ్మాయి మూడు ముక్కల్లో తేల్చేసింది."

"ఉంగరానికే కదండీ?"

"ఉంగరమని నేను చెప్పలేదే."

"అంటే... ఎక్కువమంది ఉంగరానికే అడుగుతారండి."

"అవును బావా, ఉంగరానికే అడుగుతారు."

"నీకెలా తెలుసురా? నువ్వు జన్మలో కొన్న రాయి రుబ్బురోలొక్కటే. సరే, ఇదిగో అమ్మా ఉంగరం. ఇందులో రాయి పీకేసి నీ రాయి కూర్చోబెట్టాలి. సైజులో, రంగులో కవల పిల్లల్లా ఉండాలి. పెట్టుకున్న మనిషి పోల్చుకోకూడదు. సాయంత్రానికి కావాలి."

"మరి ఇందులో ఉన్న రాయి ఏమిటండీ?"

"దాని సంగతి అడగొద్దు."

"అడక్కపోతే ఎలా తియ్యనండీ? అసలుదైతే పదిలంగా తియ్యాలి."

"పదిలం అక్కర్లేదు. పటకారుతో పట్టి లాగెయ్."

"చెప్పెయ్ బావా. డాక్టరు దగ్గరా నగలమ్మే మనిషి దగ్గరా దాచకూడదంటారు."

"ఎవరన్నారా మాట?"

"ఇప్పుడే నేనన్నాను."

"సరే వినమ్మా. నేను వాచీలు బాగుచేసేవాణ్ణి. పెళ్ళిచూపుల్లో మా ఆవిడ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ మౌనం భరించలేక, నీకు రంగు మారే నీలం ఉంగరం పెడతానని వాగాను. అలాంటి రాయి ఒకటుంటుందని అంతకు ముందురోజే ఎవరో చెప్పగా విన్నాను. అంతే. తీరా పెళ్ళయ్యాక ఏడాదిపాటు అడిగింది."

"రోజూ అడిగేది కాదు బావా. అబద్ధమాడకు. నెలకోసారి అడిగేది."

"నెలకోసారి అడిగేది, రోజూ చూసేది. ఇంతలో వాచీ బెల్టులమ్మే వ్యాపారి, డజను బెల్టులు కొంటే బహుమానమని రాళ్ళిచ్చాడు. కొలిమిలో పుట్టిన రాళ్ళే, మనిషి చేసినవి. వాచీలో చక్రాల ఇరుసుల కింద పెట్టే ఎర్ర రాళ్ళకి దాయాదులు. రంగు మాత్రం మారేది. అందులో ఒకటి వెండికి బిగించి, మీద బంగారు నీళ్ళు పోయించి..."

"బెల్టులకి బహుమానం."

"నవ్వమ్మా, మొహమాటపడకు. నేనే నవ్వుకుంటున్నాను."

"ఒక్కటే ఇచ్చాడా బావా?"

"డజనుకి డజను. మిగిలిన పదకొండూ ఇప్పటికీ ఆ బెల్టుల డబ్బాలోనే ఉన్నాయి. ఎందుకురా?"

"ఏం లేదు. ఊరికే అడిగాను."

"ఇది మట్టిలోంచి నేరుగా వచ్చిన కాల్చని నీలమని చెప్పాను. ఊరుకున్నానా? ఎలా వచ్చిందని అడిగితే, ఓడలో వంటవాడు వాచీ బాగుచేయించుకుని కూలికి బదులు ఇచ్చాడన్నాను."

"వంటవాడు కాదు బావా, కెప్టెను."

"మొదటి ఏడాది వంటవాడేరా. ఐదో ఏటికి కెప్టెనయ్యాడు. వంటవాడి దగ్గర నీలమేమిటని మా వదిన అడిగింది మరి. పదిహేనో ఏటికి ఓడ మునిగింది. ముప్పయ్యో ఏటికి ఆ ఓడలోంచి కెప్టెన్ని నేనే జుట్టు పట్టుకుని పైకి లాగాను."

"నీకు ఈత రాదు కదా."

"కథలో వచ్చు. పైగా ఆ కెప్టెను బట్టతలవాడని ముందే చెప్పి ఉన్నాను. జుట్టెక్కడిదని ఒక్కరూ అడగలేదు."

"పిన్నిగారు నమ్మారా బాబాయ్‌గారూ?"

"అదే కదా ప్రాణం తీస్తోంది. ఎవరొచ్చినా చెయ్యి చాపి చూపించేది. మీరు చెప్పండి, మీరు చెప్పండి అని నా చేత ఓడ మునిగించేది. నలభై నాలుగేళ్ళు నడిచిందమ్మా ఆ ఓడ."

"మరి ఇప్పుడేమొచ్చిందండీ?"

"మా మనవరాలు రాళ్ళు పరీక్షచేసే చోట ఉద్యోగంలో చేరింది. మా ఆవిడేమో ఉంగరం దానికిస్తానంది. అది రేపొచ్చి తీసుకెళ్ళి, యంత్రం కింద పెట్టి, కాల్చని నీలమని కాగితం రాయించుకొస్తుందట. ఆ యంత్రానికి నా కథ చెబితే వింటుందా?"

"ఉన్నమాట పిన్నిగారితో చెప్పెయ్యొచ్చుగా."

"తిడుతుంది."

"తిడితే పడు బావా. కొత్తా ఏమన్నా?"

"తిడితే బాగుణ్ణురా. తిట్లకి నా ఒళ్ళు ఎప్పుడో గట్టిపడింది. తిట్టకుండా, ఆ ఉంగరం తీసి పక్కన పెట్టి, రేపెవరైనా వచ్చినప్పుడు ఆ చెయ్యి కొంగు చాటున దాచుకుందనుకో. అది చూడలేను."

"కాస్త ఆ ఫ్యాను తగ్గించమ్మా."

"ఏంట్రా, ఫ్యాను గాలికి కళ్ళలో దుమ్ము పడిందా?"

"నువ్వు కానీ బావా. రాయి చూడు."

"అది సరే, ఇదొక్క సంగతి చెప్పు. ఇన్నేళ్ళలో స్నానానికి కూడా తియ్యని ఉంగరం, ఇవాళ పొద్దున్నే తీసి నా కళ్ళజోడు పక్కన పెట్టి, పక్కింటికెళ్ళింది మీ అక్క. అదృష్టమంటే ఇదేనా?"

"అదృష్టమే బావా. నీదే."

"ఇదిగోండి బాబాయ్‌గారూ. ఈ పొట్లంలో ఉంది."

"ఆ పొట్లం మీదేదో రాసుందేంటి?"

"లెక్క కోసం ఏవో గుర్తులండి. తిప్పి పెడతానుండండి. గుమ్మం దగ్గరికి రండి, ముందు పగటి వెలుగులో చూడండి."

"నీలంగా ఉంది."

"మబ్బు పట్టే ముందు ఆకాశంలా ఉంది బావా."

"నీకు కవిత్వం కూడా వస్తుందా? పళ్ళున్న రోజుల్లో ఒక్కటీ చెప్పలేదే."

"ఇప్పుడు లోపలికి రండి. ఈ ట్యూబులైటు కింద తేడా తెలీదు. ఈ పసుపు బల్బు వేస్తాను. ఇప్పుడు?"

"తిరిగింది. వంగపండు రంగు. కాకపోతే అమ్మా, నా ఉంగరంలోది ఇంతకన్నా బాగా తిరుగుతుంది. అది గభాల్న తిరుగుతుంది, ఇది కాస్త ఆలోచించి తిరుగుతోంది."

"అదేనండి తేడా. మీది మరీ ఎక్కువగా మారుతుంది. అసలుది కాస్త మొహమాటపడుతుంది."

"అబద్ధానికి మొహమాటం ఉండదన్నమాట. ఆ సంగతి నాకు తెలియాల్సిందే. ఉండు, నా కంటద్దం తెచ్చుకున్నాను, వాచీలు చూసేది. లోపల చూడనీ. ... ఛ, ఛ. ఇది పనికిరాదమ్మా."

"ఏమైంది బావా?"

"లోపలంతా నలకలురా. సన్నసన్నగా దారప్పోగుల్లా ఉన్నాయి. ఇలాంటి రాయి వాచీలో పెట్టమని ఎవరైనా తెస్తే వీధిలోకి విసిరేసేవాణ్ణి. ఈ వయసులో నన్నే మోసం చేద్దామనుకున్నావా అమ్మాయ్? నా రాయి చూడు, నీళ్ళచుక్కలా ఉంటుంది."

"అందుకే బాబాయ్‌గారూ మీది కొలిమిలో పుట్టిందని ఎవరైనా చెప్పేస్తారు. ఇలా పట్టుకుని ఏటవాలుగా చూడండి. లోపల వంపు తిరిగిన గీతలు కనిపిస్తున్నాయా?"

"గ్రామఫోను పళ్ళెం మీద గీతల్లా... ఆఁ, ఉన్నాయి."

"మట్టిలో పుట్టిన రాయికి అలాంటి వంపులు ఉండవండి. ఇక ఈ రాయిలో మీరు నలకలన్నవాటిని మేం పట్టు అంటాం. కొలిమిలో బాగా కాలిస్తే ఆ పట్టుపోగులు కరిగిపోతాయి, తెగిపోతాయి. ఇక్కడ చూడండి, కొసదాకా తిన్నగా ఉన్నాయి. ఇది కొలిమి మొహం చూడలేదు. పరీక్షచేసినవాళ్ళ కాగితం కూడా ఉంది."

"అంటే లోపం ఉంటేనే అసలుది."

"ఒకరకంగా అంతేనండి."

"విన్నావురా? ఈ లెక్కన మీ అక్కకి దొరికింది అసలు సిసలు మొగుడు. ఆ ముక్కకి కూడా కాగితం రాసిస్తారేమో అడుగు."

"లోపాలు రాయడానికి ఒక్క కాగితం చాలదు బావా."

"నలభై ఏళ్ళు చీమ కన్నంత రాళ్ళు చూసి బతికినవాణ్ణమ్మా. శుభ్రంగా ఉంటే మంచి రాయనుకునేవాణ్ణి. నేను అబద్ధాన్ని ఎంచుకున్నది కూడా శుభ్రంగా ఉందనే. నా తెలివికి ఒక గంట కట్టి ఊరేగించాలి."

"తీసుకుంటారా మరి?"

"తీసుకోకేం చేస్తాను. ఇదిగో. పళ్ళు కట్టించుకోవడానికి దాచినవి. పైవరస కట్టుడుపళ్ళు ఇందులో ఉన్నాయనుకో, కిందివరసకి కూడా ఎసరు పెట్టావు."

"బావా, పళ్ళ డబ్బులా?"

"పైన రెండు, కింద రెండు ఉన్నాయిగా, చాల్లే. మెత్తనివి తింటాను. ఆవిడ వేలిమీద నిజం ఉంటే నేను అన్నం పిసుక్కుని తిన్నా పర్లేదు. ఇంకో రాయేదైనా ఉందా అమ్మా పోల్చిచూడ్డానికి? ఇదొక్కటే చూపించావు."

"ఇదే మీకు సరిపోతుందండి."

"కొలవనైనా లేదు నువ్వు. నా రాయి తీసి చూడందే ఇది ఆ గూట్లో కూర్చుంటుందని ఎలా చెప్తావు?"

"కూర్చుంటుందండి."

"వేలి కొలత కూడా అడగలేదు. ఈమధ్య ఆవిడ వేళ్ళు కాస్త సన్నబడ్డాయి, ఉంగరం జారుతోంది."

"అరసైజు తగ్గించాలండి. తెలుసు."

"ఎలా తెలుసు?"

"బావా, నేను కాస్త బయట నిలబడతాను. లోపల ఫ్యాను గాలి ఎక్కువైంది."

"కూర్చోరా అక్కడే. అమ్మా, బిల్లు మీద పేరు రాయొద్దు. మా ఆవిడ నా జేబులు వెతుకుతుంది."

"పేరు ముందే రాసుందండి."

"నా పేరు నీకెలా తెలిసింది?"

"మీది కాదు బాబాయ్‌గారూ. ఆవిడదే. పొట్లం మీద ఉన్నదీ అదే. పోయిన వారం వచ్చి, నలభై రాళ్ళు పసుపు బల్బు కింద పెట్టించి చూసి, ఇది పక్కన పెట్టించి వెళ్ళారు. మా ఆయన వస్తారు, ముందు బేరమాడరు, తర్వాత నలకలున్నాయంటారు, అప్పుడు పట్టు సంగతి చెప్పు అన్నారు."

"ఒరేయ్ బామ్మర్దీ."

"ఫ్యాను గాలి నిజంగానే బాగుంటుంది బావా."

"ఎప్పటినుంచిరా?"

"ఏది, ఈ కొట్టు సంగతా, ఆ రాయి సంగతా?"

"రాయి."

"ఉంగరం పెట్టిన రెండో వారంలోనే. ఇల్లు సర్దుతూ బెల్టుల డబ్బా తీసిందట. పదకొండు కనిపించాయి."

"పదకొండూ చూసిందా?"

"లెక్కపెట్టి, మళ్ళీ అలాగే సర్ది పెట్టేసింది."

"మరి నలభై నాలుగేళ్ళూ, మీరు చెప్పండి, మీరు చెప్పండి అని..."

"ఓడ ఈ ఏడు ఎంత లోతున మునుగుతుందో చూడాలని. మాకందరికీ సైగ చేసేది. మీ వదిన అడిగి వంటవాణ్ణి కెప్టెన్ని చేయించింది కూడా అక్క చెప్తేనే."

"మనవరాలికి కూడా తెలుసా?"

"దానికి ఈ ఉంగరం ఇచ్చే సంగతే తెలీదు బావా. రేపు రావడం కూడా లేదు."

"నలభై నాలుగేళ్ళు కథ నేను చెప్తున్నాననుకున్నాన్రా."

"బాబాయ్‌గారూ, ఈ పాత రాయి పారెయ్యమంటారా?"

"పారెయ్."

"పారెయ్యొద్దన్నారండి ఆవిడ. ఓడంతా దీన్లోనే ఉందట, పొట్లం కట్టి ఇమ్మన్నారు."

"ఇంకేమన్నా చెప్పిందా?"

"చెప్పారండి. మీరు పళ్ళ డబ్బు తెస్తారని చెప్పారు. ఈ కొత్త రాయి ఎలా వచ్చిందన్న కథ మాత్రం ఇకనుంచి తనే చెప్తారట. మీకు నోరు విప్పే పనేమీ ఉండదు కాబట్టి, పళ్ళకి తొందర లేదన్నారు."